గుట్ట చాలని మొక్కలు

శ్రావణం వచ్చిందంటే మా పెద్దపల్లి జిల్లాలో జనం రామగిరి ఖిల్లాకు కదులుతారు. బేగంపేట దాకా బండ్ల మీద, అక్కడి నుంచి కాలినడకన. కొందరికి కోట గోడలు, బురుజులు చూడాలని. ఇంకొందరికి వానకు పచ్చబడ్డ గుట్ట మీద ఒక పూట గడపాలని. మరికొందరు మాత్రం ఎటూ చూడరు, నేల చూపులతోనే నడుస్తారు. వాళ్లు మందుమొక్కల కోసం వచ్చినవాళ్లు. ఆయుర్వేదం చదివే పిల్లలుంటారు, నాటువైద్యం తెలిసిన పెద్దమనుషులుంటారు. రామగిరి అంటే ఈ చుట్టుపక్కల చాలామందికి కోటతో పాటే మూలికలూ గుర్తొస్తాయి.

ఈ రామగిరి మండలం బొగ్గు మండలం కూడా. సెంటినరీ కాలనీ దారిన వస్తుంటే ఇంకో రకం గుట్టలు కనిపిస్తాయి. పైన బల్లపరుపుగా, పక్కలు మెట్లుమెట్లుగా ఉంటాయి. అవి ఓసీల (ఓపెన్‌కాస్ట్ గనుల) మట్టిగుట్టలు. బొగ్గు మీద పరుచుకుని ఉన్న మట్టినీ రాయినీ తవ్వి డంపర్లతో తెచ్చి పోస్తే లేచినవి. కాగితాల మీద ‘ఓవర్ బర్డెన్’ అని రాస్తారు, బాయి పనివాళ్లు ఓబీ అంటారు. సింగరేణిలో ఒక టన్ను బొగ్గు బయటపడాలంటే సుమారు అయిదారు క్యూబిక్ మీటర్ల ఓబీ ఎత్తిపోయాలి. ఏటా 7 కోట్ల టన్నుల చుట్టూ బొగ్గు తీసే కంపెనీ అది. ఎన్ని గుట్టలు లేస్తాయో మీరే లెక్క వేసుకోండి.

ఒకటి ఎప్పటిదో తెలియనంత పాత గుట్ట. ఇంకోటి మన కళ్లముందు లేచిన గుట్ట. పాత గుట్ట మీది మొక్కలకు ఎండ మితిమీరి అక్కడ బతుకు సాగకపోతే అవి ఎక్కడికి పోవాలి? పోలేకపోతే మనమే ఎత్తుకెళ్లి ఇంకోచోట పెట్టవచ్చా? ప్రపంచంలో కొన్నిచోట్ల ఈ పని ఇప్పటికే మొదలైంది. దానికి ‘సహాయ వలస’ అని పేరు పెట్టుకుందాం. వినడానికి మంచి పనిలాగే ఉంటుంది. లోతుకు పోతే మాత్రం చిక్కుముళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని విప్పడానికి బొగ్గు ప్రాంతపు అనుభవం పనికొస్తుందని నా నమ్మకం.

ముందు చిన్న లెక్క. ఎత్తుకు పోయినకొద్దీ చల్లబడుతుందని అరకు పోయొచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సగటున కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అంటే వంద మీటర్లకు అర డిగ్రీ పైచిలుకు. 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో తెచ్చిన నివేదిక చెప్పింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తాతల నాడు ఒక మొక్కకు ఏ చల్లదనం అలవాటో అదే చల్లదనం ఇప్పుడు కావాలంటే, అది సుమారు వంద మీటర్లు పైకి జరగాలి.

మొక్క ఎలా జరుగుతుంది? అది నడవదు, దాని సంతానం నడుస్తుంది. తల్లిచెట్టు ఉన్నచోటే ఉంటుంది. దాని గింజల్లో కొన్ని గాలికో, పిట్ట కడుపులోనో, ఎలుగు పెంటలోనో పడి కొంత పైకి చేరతాయి. ఇంతకుముందు అక్కడ మొలిచినా చలికి నిలిచేవి కావు, ఇప్పుడు నిలుస్తాయి. కింద మాత్రం ముసలి చెట్లు పోతుంటాయి, వాటి చోట్లో కొత్తవి లేవవు. యాభై, వంద ఏళ్లు గడిచాక చూస్తే ఆ జాతి మొత్తం ఒక మెట్టు ఎక్కినట్టు కనిపిస్తుంది.

ఇది ఊహ కాదు, కొలిచి చూసినదే. జోసెఫ్ డాల్టన్ హుకర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త 1849–50లో సిక్కిం కొండలు తిరిగి, ఏ మొక్క ఎంత ఎత్తులో కనిపించిందో రాసిపెట్టాడు. నూటయాభై ఏళ్లు దాటాక మన శాస్త్రవేత్తలు ఆ రాతలు పట్టుకుని అవే కొండలు మళ్లీ ఎక్కారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ ప్రాంతానికే పరిమితమైన 124 జాతుల్ని చూస్తే, వాటిలో నూటికి 87 పైకి జరిగాయి. సగటు వేగం పదేళ్లకు 27 మీటర్ల చిల్లర.

దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం మీద అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ 1802లో ఇలాంటి లెక్కే రాశాడు. 2012లో మళ్లీ ఎక్కి చూసినవాళ్లు మొక్కలు అయిదు వందల మీటర్లకు పైగా పైకి పోయాయన్నారు. ఆ తర్వాత ఇంకొందరు హంబోల్ట్ కాగితాల్ని తిరగేసి, ఎత్తుల్ని రాసుకోవడంలో కొంత తికమక ఉందని తేల్చి, ఆ అంకెను సగానికి దించారు. పాత కాగితం దొరికితే సరిపోదు, దాన్ని చదవడం కూడా తెలియాలి. ఏదేమైనా దిశ మారలేదు. మొక్కలు పైకే పోతున్నాయి.

అసలు చిక్కు కొండ ఆకారంలోనే ఉంది. వడ్లకుప్పను ఊహించుకోండి. సగం ఎత్తులో అడ్డంగా కోస్తే వచ్చే చక్రం అడుగు చక్రానికి సగం ఉండదు, నాలుగో వంతే ఉంటుంది. మొక్కలు ఎక్కేకొద్దీ వాటికి మిగిలే జాగా ఇలా కరిగిపోతుంది. పై అంచు దాకా వచ్చినవాటికి ఇంకో మెట్టు ఉండదు. హిమాలయాల్లో ఆ రోజు ఇంకా దూరం. మన దగ్గర అంత వెసులుబాటు లేదు. తెలంగాణలో అన్నిటికంటే ఎత్తయినదని చెప్పుకునే డోలిగుట్టే 965 మీటర్లు. తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన ఆర్మకొండ 1,680 మీటర్లు. రామగిరి లాంటి గుట్టలు వీటి ముందు చిన్నపిల్లలు. మొదలు నుంచి కొన దాకా మహా అయితే ఒకటి రెండు డిగ్రీల తేడా. అందులో ఒక భాగం గడిచిన వందేళ్లలోనే ఖర్చయిపోయిందన్నమాట.

పైకి పోలేకపోతే పక్కకు పోవాలి. పక్కకంటే మనకు ఉత్తరం దిక్కు. చదునైన నేల మీద ఒక్క డిగ్రీ చల్లదనం కోసం వంద కిలోమీటర్లకు పైగానే పోవాల్సి వస్తుంది. కొండ మీద నూటయాభై మీటర్లు ఎక్కితే దొరికేది ఇక్కడ అంత దూరం నడిస్తే గానీ దొరకదు. రామగిరి మీది ఒక గింజ ఉత్తరానికి బయల్దేరిందనుకోండి. ముందు పొలాలు, తర్వాత బొగ్గు బాయిలు, కాలనీలు, ఆపైన గోదావరి. అది దాటితే మంచిర్యాల వైపు మళ్లీ గనులు, కరెంటు ప్లాంటు, రైలు పట్టాలు. కవ్వాల్ అడవి తగిలితే కొంత ఊపిరి. ఆ అడవి కూడా ఎత్తులో పెద్ద తేడా ఇవ్వదు. మధ్యప్రదేశ్‌లో సాత్పురా కొండలు, పచ్‌మఢీ దగ్గరి 1,350 మీటర్ల ధూప్‌గఢ్ చేరాలంటే ఇక్కడి నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పోవాలి.

మన గుట్టల చెట్లు గింజల్ని ఎలా పంపుతాయో తెలిస్తే ఆ దూరం అర్థమవుతుంది. నల్లమద్ది కాయకు అయిదు రెక్కలుంటాయి, గాలి తీసుకుపోయినంత దూరం పోతుంది. ఏగి కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి అంచుతో బిళ్లలా ఉంటుంది. దానికీ గాలే దిక్కు. ఇప్పపండును గబ్బిలం మోస్తుంది. సారపండును పిట్టలు, ఎలుగులు తింటాయి. ఇందులో ఏదీ ఒక తరంలో గోదావరి అవతలి అడవిని అందుకునే ఏర్పాటు కాదు. ఎలుగులున్న రోజుల్లో సంగతి వేరు. మోసేవాళ్లు పోయాక మూట ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇక్కడ వేడితో పాటు నీటి సంగతి కూడా చెప్పాలి. కాలిఫోర్నియా కొండల్లో పాత రికార్డుల్ని, కొత్త రికార్డుల్ని పోల్చి 2011లో అచ్చువేసిన పరిశోధన ఒకటి అందర్నీ ఆశ్చర్యపరిచింది. అక్కడ వేడి పెరిగినా చాలా మొక్కలు పైకి కాక సుమారు 80 మీటర్లు కిందికి జరిగాయి. అక్కడ వాన పెరిగింది కనుక, తడి దొరికిన చోటికి అవి దిగాయి. మన గుట్టల అడవి ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. ఇక్కడ మొలకను చంపేది మే నెల ఎండ ఒక్కటే కాదు, వానకూ వానకూ మధ్య వచ్చే ఎడం. కాబట్టి ‘వేడి పెరిగింది, పైకి ఎక్కించు’ అన్న ఒక్క సూత్రంతో మనకు పని జరగదు.

తామే ఎత్తుకెళ్లి నాటినవాళ్ల దగ్గరికి వద్దాం.

అమెరికాలో ఫ్లోరిడా, జార్జియా రాష్ట్రాల సరిహద్దున అపలాచికోలా నది ఒడ్డు గట్ల మీద టోరెయా అనే చెట్టు ఉంది. మంచుయుగంలో చలి తట్టుకోలేక దక్షిణానికి దిగి, చలి తగ్గాక వెనక్కి పోలేక అక్కడే చిక్కుకుందని కొందరి వాదన. ఇరవయ్యో శతాబ్దం నడుమ ఏదో తెగులు సోకి పెద్ద చెట్లన్నీ పడిపోయాయి. ఇప్పుడు వేరు నుంచి లేచే పిలకలే మిగిలాయి, అవి కాయలు కాసేంత ఎదగక ముందే మళ్లీ చస్తున్నాయి. 2004లో దీన్ని ఉత్తరానికి తరలించాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. 2008 జులైలో మొక్కల ప్రేమికులు కొందరు, ఎవరి అనుమతికీ ఆగకుండా, 31 మొలకల్ని ఉత్తర కరోలినా కొండల్లో సొంత భూముల్లో నాటేశారు. చట్టం కూడా అడ్డు రాలేదు. పెంచిన మొక్కను సొంత జాగాలో నాటుకోవడం అక్కడ నేరం కాదు.

శాస్త్రవేత్తల్లో చాలామందికి ఇది నచ్చలేదు. ఆ తెగులుకు కారణం ఒక బూజు అని తర్వాత తేలింది. మొక్కతో పాటు ఆ బూజును కూడా కొత్త కొండలకు మోసుకుపోతే అక్కడి చెట్ల గతేంటి? నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తుంది. ఇల్లు కాలుతుంటే అనుమతి పత్రం కోసం ఎవరు ఆగుతారు? కానీ కాలుతున్న కొరివిని పట్టుకుని పక్కింట్లోకి పరుగెత్తితే?

ఇదే పనిని నిదానంగా, కొలుచుకుంటూ చేసినవాళ్లూ ఉన్నారు. ఉత్తర అమెరికా ఎత్తుకొండల మీద వైట్‌బార్క్ పైన్ అనే చెట్టుంది. దాని గింజల్ని నట్‌క్రాకర్ అనే పిట్ట తీసుకుపోయి నేలలో దాస్తుంది. తిన్నవి పోగా మర్చిపోయినవి మొలుస్తాయి. ఈ చెట్టుకు ఒక పక్క తుప్పుతెగులు, ఇంకో పక్క బెరడు తొలిచే పురుగు, రెంటినీ మించి వేడి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ గింజల్ని ఎనిమిది చోట్ల నాటి చూశారు. అందులో కొన్ని ఆ చెట్టు ఇప్పుడున్న ఉత్తరపు అంచుకు ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా అవతల. గింజలు అన్నిచోట్లా మొలిచాయి. అంటే ఆ నేలలు వాటికి సరిపోతాయి, అక్కడికి చేరే దారే లేదు. అయితే మొలవడం వేరు, నిలవడం వేరు. ముందుగా సిద్ధం చేసిన గింజలు ఊరికే విత్తినవాటికంటే ఎక్కువగా మొలిచాయి. మంచు ఏ రోజుల్లో కరుగుతుందన్నది కూడా మొలక బతుకును నిర్ణయించింది. అమెరికా ప్రభుత్వం 2022లో ఈ చెట్టును ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో చేర్చింది. 2023లో అయితే తన చట్టపు నిబంధననే సవరించి, అవసరమైతే జీవజాతుల్ని వాటి పాత సరిహద్దుల బయట కూడా ప్రయోగంగా ఉంచవచ్చని ఒప్పుకుంది.

బ్రిటిష్ కొలంబియా అటవీశాఖ ఇంకా ముందుకు పోయింది. అక్కడ నరికిన ప్రతిచోటా మళ్లీ నాటాలి. ఏ విత్తనం నాటాలన్నది పాత పద్ధతిలో ‘ఆ ఊరి చెట్టుకు ఆ ఊరి విత్తనం’. ఇప్పుడు అలా కాదు. రేపు ఈ చోట ఎలాంటి వాతావరణం ఉండబోతుందో చూసి, ఇవాళే అలాంటి ఎండలో బతుకుతున్న చెట్ల విత్తనం తెచ్చి నాటుతున్నారు. దీనికోసం 2009 నుంచి 15 జాతుల చెట్లను 48 చోట్ల నాటి గమనిస్తున్నారు. జాతి అదే, ఊరు వేరు. ఇది నాకు అన్నిటికంటే తెలివైన పనిగా తోస్తుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

మొక్కను తెచ్చి కొత్తచోట పెట్టడంలో ఉన్న ముప్పు మనకు విదేశీ కథలు చెప్పించుకోవాల్సినంత కొత్త కాదు. ఊటీ కొండల మీద వంటచెరకుకూ తోలు పదునుకూ అని తెల్లదొరలు తెచ్చిన వాటిల్ తుమ్మ గడ్డి మైదానాల్ని మింగింది. పూలతోట కోసం వచ్చిన లంటానా దేశంలో ఎక్కని గుట్ట లేదు. సర్కారు తుమ్మ పేరులోనే ఎవరు తెచ్చారో ఉంది. హరితహారం పథకంలో తెగ నాటిన కోనోకార్పస్‌ను తర్వాత సర్కారే వద్దంది. వీటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు మంచి చేద్దామనే తెచ్చారు.

అయితే ఈ ఉదాహరణలన్నీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. లంటానా సముద్రం దాటి వచ్చింది, దాన్ని తినే పురుగులు దాని వెంట రాలేదు. ఏగి చెట్టును రెండు వందల కిలోమీటర్లు ఉత్తరానికి జరిపితే అది తన చుట్టాల మధ్యకే పోతుంది. దాని చీడలూ అక్కడ ఉంటాయి, దాన్ని అదుపులో పెట్టేవాళ్లూ ఉంటారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2013లో రాసిన మార్గదర్శకాలు కూడా ముందు ఈ తేడానే చూడమంటాయి. ఎంత దూరం, ఎవరి మధ్యకు, తప్పు జరిగితే వెనక్కి తీసుకోగలమా?

ఇక మన ఓబీ గుట్టల దగ్గరికి.

ఇవి చూస్తే ఎవరికైనా ఒక ఆలోచన రాకమానదు. మనిషి చేసిన గుట్టలు ఖాళీగానే ఉన్నాయి కదా, వేడికి ఇబ్బందిపడే గుట్టమొక్కల్ని వీటి మీదికి తోలితే పోలేదా? ఎత్తు లెక్క చూస్తే వంద మీటర్ల మట్టిగుట్ట పైన అర డిగ్రీ పైచిలుకు చల్లగా ఉండాలి. నిజంగా ఉంటుందా? మే నెలలో ఓబీ మీద నిలబడినవాళ్లను అడగండి. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మామూలు, 47ను తాకిన రోజులూ ఉన్నాయి. మట్టిగుట్ట మీద నీడ లేదు. ఇసుకరాయి ముక్కలు, నల్లటి షేల్ పెళ్లలు ఎండను పీల్చుకుని రాత్రి దాకా కక్కుతాయి. వాన పడితే నీళ్లు నిలవవు, పక్కల నుంచి గండ్లు పెట్టుకుంటూ జారిపోతాయి. ఎత్తు చల్లదనం ఇస్తుందన్న సూత్రం చెట్టూ మట్టీ తడీ ఉన్న కొండను చూసి చెప్పుకున్నది. ఒట్టి రాతికుప్ప దగ్గర అది పెద్దగా అక్కరకు రాదు.

అయినా సింగరేణి ఏళ్ల తరబడి వీటి మీద మొక్కలు నాటుతూనే ఉంది. పైమట్టిని ముందే తీసి దాచి, గుట్ట లేచాక దాన్ని పైన పరిచి, మెట్లుమెట్లుగా కట్టలు వేసి, వేప, కానుగ, వెదురు, నీలగిరి లాంటివి పెంచుతున్నారు. నిలిచినవి నిలిచాయి. కొన్ని గుట్టలు దూరం నుంచి చూస్తే అడవే అనిపిస్తాయి. దీన్ని చిన్న పనిగా తీసేయను. ఎండిన కుప్ప మీద ఒక మొక్కను మూడు ఎండాకాలాలు దాటించడం ఏమిటో నర్సరీల్లో కూలికి పోయే ఆడవాళ్లకు తెలిసినంతగా నాలాంటి రాతగాళ్లకు తెలియదు. మూట గట్టిగా ఉండాలి, గుంత వానకు ముందే తీసి ఆరబెట్టాలి, మొదటి వానకు తొందరపడి నాటకూడదు. మొక్కల్ని గుట్ట ఎక్కించే పనిలో మనకు పనితనం ఉందన్నమాట.

లేనిది వేరే ప్రశ్న. ఇప్పటిదాకా ఓబీ దగ్గర మనం అడిగింది ‘ఇక్కడ ఏది తొందరగా లేస్తుంది’ అని. ‘ఈ చోటు ఎవరికి అవసరం’ అని అడగలేదు. మొదటి ప్రశ్నకు ఎక్కడైనా పెరిగే చెట్టే జవాబు. రెండో ప్రశ్నకు ఆ గడుసు చెట్లు జవాబు కావు. గుట్టమొక్కకు పైమట్టితో పాటు ఆ మట్టిలోని బూజుదారాలు కావాలి. అవి వేళ్లకు అల్లుకుని నీళ్లనూ ఖనిజాన్నీ అందిస్తాయి. పువ్వు మీద వాలే ఈగ కావాలి, గింజను మోసే పిట్ట కావాలి, తొలి ఎండాకాలం తలదాచుకోవడానికి ఒక పెద్ద బండ నీడో పొద నీడో కావాలి.

ఈ సంగతి బొగ్గు ప్రాంతంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఓసీల కోసం ఊళ్లకు ఊళ్లు లేచిపోయిన చోటు ఇది. ఇంటికి ఇల్లు, జాగాకు జాగా లెక్కకట్టి ఇచ్చినా కొత్త కాలనీ పాత ఊరు ఎందుకు కాలేదో ఇక్కడ ప్రతి ముసలమ్మా చెప్తుంది. వాడకట్టు చెదిరింది, బావి పోయింది, బొడ్రాయి పాతిన చోటు పోయింది, ఎవరి పక్కన ఎవరుండేవాళ్లో ఆ వరస పోయింది. మొక్కల వలస కూడా అంతే. ఒక్కదాన్ని తెచ్చి నాటితే అది నిర్వాసితురాలే. ఎర్రచందనాన్నే తీసుకోండి. అది శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల వంటి కొద్ది కొండల సొత్తు. బయట ఎన్నోచోట్ల నాటారు, మొక్క బతుకుతుంది, పెరుగుతుంది కూడా. కానీ దాని విలువంతా లోపలి ఎర్రటి చేవలో ఉంది. ఆ రాతినేలలో, ఆ కరువులో నింపాదిగా పోసుకునే చేవ సారవంతమైన మట్టిలో అదే తీరుగా వస్తుందన్న హామీ లేదు. శేషాచలంలోనే పేరిత అనే ఒక సైకస్ ఉంది. ఆ కొండలు తప్ప దానికి వేరే ఇల్లు లేదు. అక్కడి నుంచి ఇంకా ఎత్తుకు పోవాలంటే దాన్ని ఎవరో వేరే కొండలకు మోయాలి. మోసినా అక్కడి తడి దీనికి పడాలి కదా.

మరి రామగిరి లాంటి గుట్టకు ఏం చేయవచ్చు? నా మట్టుకు మొదటి వలస గుట్ట లోపలే జరగాలి. శాస్త్రవేత్తలు చల్లటి దేశాల్లో ‘ఉత్తరపు వాలు’ను చూపిస్తారు, అక్కడ ఎండ తక్కువ పడుతుంది కాబట్టి. మనం ఆ మాటను యథాతథంగా అరువు తెచ్చుకోకూడదు. పెద్దపల్లి మీదుగా మే నెల మధ్య నుంచి జులై చివరి దాకా సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే నడుస్తాడు. మన ఎండాకాలపు కొసలో ఉత్తరపు వాలుకు ప్రత్యేక నీడేమీ దొరకదు. ఇక్కడ తేడా తూర్పు పడమరల్లో ఉంది. మధ్యాహ్నం దాటాక, గాలి కూడా వేడెక్కాక పడే పడమటి ఎండే చంపేది. తూర్పు వాలు, ఒర్రెల అడుగు, బండల సందు, ఊట నీరు మే దాకా చెమ్మగిల్లే చోటు... ఇవే మన గుట్టల చలువ అరలు. ఆ అరల్ని గుర్తించి, నిప్పు నుంచీ మేకల నుంచీ లంటానా నుంచీ కాపాడి, అదే గుట్ట విత్తనాన్ని అక్కడికి చేర్చడం. కిలోమీటరు కూడా ప్రయాణం ఉండదు, కొత్త రోగం రాదు, తప్పు జరిగితే పీకేయవచ్చు.

రెండో సంగతి కొంత తలకిందులుగా వినిపిస్తుంది. వలస అంటే మనం ఎప్పుడూ ఇక్కడి మొక్కల్ని ఎక్కడికి పంపాలా అనే ఆలోచిస్తున్నాం. దేశంలో బాగా కాలే చోట్లలో రామగుండం ఒకటి. ఈ ఎండలో తరతరాలుగా గింజ పోసుకుంటున్న టేకు, ఏగి, నల్లమద్ది, తపసి చెట్లలో ఆ వేడిని ఓర్చుకునే గుణం కొంతైనా ఉండి తీరాలి. ఉత్తరాన ఇప్పుడు కొంచెం చల్లగా ఉన్న అడవులు రేపు మన వేడిని చూడబోతున్నాయి. కెనడా వాళ్ల పద్ధతిలో ఆలోచిస్తే ఈ గుట్టలు చేయి చాచాల్సినవి కావు, విత్తనం పెట్టాల్సినవి. అందుకే ఆ పద్ధతి తెలివైనదన్నాను. జాతిని కొత్తచోటికి తోలే ముప్పు అందులో లేదు, అక్కడ ఉన్న జాతికే ఎండ తెలిసిన బంధువుల్ని తోడు తెస్తుంది. ఇది నా ఊహే. తేలాలంటే ఇక్కడి గింజనూ అక్కడి గింజనూ ఒకే మడిలో పక్కపక్కన పెంచి చూడాలి. మట్టిగుట్టల మీద అలాంటి మడులకు జాగా కొరత లేదు, రేపటి ఎండను ఇవాళే చూపించడానికి ఇంతకంటే కర్కశమైన నేల దొరకదు. ఓబీ గుట్టను అడవిగా మార్చలేకపోయినా పరీక్ష గదిగా వాడుకోవచ్చు.

చట్టంలో దీనికి దారి లేకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది తన పరిధిలోని మొక్కల్నీ జంతువుల్నీ వాటి మీద జనానికున్న తెలివినీ ఒక రిజిస్టరులో ఎక్కించాలి. హుకర్ నోటుబుక్కు నూటయాభై ఏళ్ల తర్వాత పనికొచ్చింది, ఎందుకంటే అందులో పేరు పక్కన ఎత్తు ఉంది. మన రిజిస్టర్లలో మొక్క పేరు, అది ఏ రోగానికి వాడతారన్నది రాస్తే చాలదు. గుట్ట ఏ వైపు, ఎంత ఎత్తులో, ఏ ఒర్రె పక్కన, పూత ఏ నెలలో అన్నవి కూడా రాయాలి. శ్రావణంలో నేలచూపులతో నడిచే ఆ పెద్దమనుషులకు ఇవన్నీ నోటికి వచ్చు.

మట్టిగుట్టల్లో ఒక్కోసారి షేల్ పెళ్ల చీలితే లోపల ఆకు అచ్చు బయటపడుతుంది. పొడుగ్గా, నాలుక ఆకారంలో, నడుమ ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. గ్లోసాప్టెరిస్ జాతి చెట్లవి, పాతిక కోట్ల ఏళ్లు దాటిన ఆకులు. ఈ ప్రాంతం దక్షిణ ధ్రువం వైపు ఉన్న మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడు, మంచు తగ్గాక లేచిన చలిదేశపు చిత్తడి అడవులవి. మన బొగ్గు అంతా ఆ అడవే. 1912లో అంటార్కిటికాలో ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం చివరిదాకా లాక్కుపోయిన 16 కిలోల రాళ్లలోనూ ఈ ఆకులే దొరికాయి. భూమి వేడెక్కి, గాలి మారి, 25 కోట్ల ఏళ్ల నాడు జరిగిన మహా వినాశనంతో ఆ వంశం దాదాపు అంతరించింది. అప్పుడు వాటిని మోసేవాళ్లెవరూ లేరు. ఇప్పుడు ఆ అడవినే తవ్వి, రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటులాంటి చోట్ల కాల్చి, ఆ పొగతో ఇవాళ్టి అడవికి వేడి పెంచుతున్నాం. అదే ఎన్టీపీసీ జలాశయం మీద 2022 నుంచి వంద మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయన్నది కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు గడువు విషయంలో ఒక మాట. అన్ని గింజలూ డబ్బాలో పోసి దాచుకునేవి కావు. టేకు గింజ ఏళ్లు ఆగుతుంది. ఇప్పగింజ ఆగదు. ఎండాకాలం చివర, తొలి వానల్లో పండు రాలుతుంది, పప్పులో తడి ఆరితే కొద్ది వారాల్లోనే మొలకెత్తే గుణం పోతుంది. ఊళ్లలో దాన్ని ఏరేది నూనె కోసం. అదే వారాల్లో గుట్ట కింది చెట్ల నుంచి ఒక తట్టెడు గింజలు ఏరి, పై ఒర్రె పక్కన బండ నీడలో పచ్చిగానే పెట్టి రావాలి. తర్వాతి ఎండాకాలం పోయి చూస్తే తెలుస్తుంది, ఎన్ని ఉన్నాయో.